ఎనిమిదో సర్వరు

పిల్లలూ! పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజున మీ అన్నయ్యో అక్కయ్యో సెల్‌ఫోనులో హాల్‌టికెట్టు నంబరు కొట్టి మార్కులు చూసుకోవడం మీరు గమనించే ఉంటారు. నిజానికి ఆ మార్కులు సెల్‌ఫోనులో లేవు. ఎక్కడో ఒక గదిలో రాత్రింబవళ్లు ఆగకుండా నడిచే మరో కంప్యూటరులో ఉన్నాయి. అడిగినవారికల్లా అడిగింది అందించే ఇటువంటి కంప్యూటరును సర్వరు అంటారు. వడ్డించేవాడు అని ఆ మాటకు అర్థం. పెళ్లిపంక్తిలో ఒక్కడే వడ్డిస్తే చివరివాడి విస్తట్లో అన్నం పడేసరికి మొదటివాడు లేచి చెయ్యి కడుక్కుంటాడు. అందుకే పని ఎక్కువగా ఉన్నచోట ఒకే పని చేసే సర్వర్లను నాలుగో ఎనిమిదో పెట్టి, పని పంచుతారు.

సర్వరు తనలోని ప్రోగ్రాము చెప్పినట్టే నడుచుకుంటుంది. ఆ ప్రోగ్రాములో లోపాలు దొరికినా, కొత్త పనులు చేర్చవలసి వచ్చినా పాతదాని స్థానంలో కొత్తది ఉంచుతారు. దీన్ని అప్‌డేట్ చేయడం అంటారు. ఒక్కొక్కప్పుడు అది చెడుతుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో వెదకి పట్టుకోవాలి. ఆ వెదకడంలో తొందరపడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి, 2012 ఆగస్టు 1న అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూద్దాం.

నైట్ క్యాపిటల్ అనే సంస్థ షేర్ల వ్యాపారం చేసేది. ఎవరైనా వెయ్యి షేర్లు కొనిపెట్టమంటే, ఆ సంస్థ సర్వర్లు ఆ పెద్ద ఆర్డరును చిన్న చిన్న ముక్కలు చేసి మార్కెట్టుకు పంపేవి. పంపుతూ లెక్క పెట్టుకునేవి. వెయ్యి నిండగానే ఆపేసేవి. ఈ పనికి ఎనిమిది సర్వర్లుండేవి.

వాటిలో పవర్ పెగ్ అనే పాత ప్రోగ్రాము ఒకటి ఉండేది. 2003లోనే దాన్ని వాడటం మానేశారు. మానేశారే గాని తీసివేయలేదు. 2005లో, లెక్కపెట్టే భాగాన్ని ప్రోగ్రాములో ఒకచోటి నుంచి మరొకచోటికి మార్చారు. దాంతో పవర్ పెగ్‌కు లెక్క తెలిసే దారి పోయింది. ఎవరూ దాన్ని నడపడం లేదు గనుక ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. అటక మీద పడేసిన పంపు స్టవ్వు సంగతి తీసుకోండి. ఎప్పుడో ఎవరో దాని గాలి వదిలే మర విప్పి వేరే స్టవ్వుకు బిగించి, ఆ కన్నాన్ని ఏదో బిరడాతో మూశారు. అటక మీద ఉన్నంతకాలం చిక్కు లేదు. దించి వెలిగించిననాడు దాన్ని ఆర్పడం ఎలా?

2012లో న్యూయార్కు స్టాక్ ఎక్స్ఛేంజీ ఆగస్టు 1 నుంచి ఒక కొత్త పథకం ప్రారంభిస్తున్నట్టు ప్రకటించింది. దానికోసం నైట్ సంస్థవారు కొత్త ప్రోగ్రాము రాశారు. ఏ ఆర్డరు ఆ పథకానికి చెందిందో గుర్తించడానికి ఆర్డరు మీద ఒక గుర్తు ఉండాలి. కంప్యూటరు పనివారు దీన్ని జెండా అంటారు. ఎత్తి ఉంటే అవును, దించి ఉంటే కాదు. కొత్త జెండా తయారుచేయకుండా, పవర్ పెగ్‌ను లేపడానికి ఒకప్పుడు వాడిన పాత జెండానే తీసుకున్నారు. కొత్త ప్రోగ్రాము వచ్చాక పవర్ పెగ్ ఉండదు కదా, ఇక భయమేమిటని వారి ఆలోచన.

జులై 27 నుంచి కొన్ని రోజులపాటు కొత్త ప్రోగ్రామును సర్వర్లలోకి ఎక్కించారు. ఏడింటిలోకి ఎక్కింది. ఎనిమిదోదాన్ని ఆ పనిచేసిన ఉద్యోగి మరచిపోయాడు. మరొకరు సరిచూడాలనే నియమం అక్కడ లేదు.

ఆగస్టు 1 ఉదయం 8 గంటలు దాటగానే సర్వర్ల వ్యవస్థ నుంచి సంస్థ ఉద్యోగులకు ఈమెయిళ్లు రాసాగాయి. పవర్ పెగ్ పేరు ఎత్తి మరీ ఏదో తేడాగా ఉందని చెప్పాయి. మార్కెట్టు తెరిచేలోపు అవి 97 వచ్చాయి. అవి హెచ్చరికలుగా ఉద్దేశించినవి కావు గనుక ఎవరూ పట్టించుకోలేదు. (నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించే అంకె ఇదే. గంటన్నర వ్యవధి ఉండింది!) 9-30కి మార్కెట్టు తెరిచారు. జెండా ఎత్తిన ఆర్డర్లు వచ్చాయి. ఏడు సర్వర్లు సరిగానే పనిచేశాయి. ఎనిమిదోదానిలో మాత్రం తొమ్మిదేళ్లుగా నిద్రపోతున్న పవర్ పెగ్ లేచి కూర్చుంది. ముక్కలు పంపడం మొదలుపెట్టింది. ఎప్పుడు ఆపాలో దానికి తెలియదు.

ఇక్కడ కాసేపు చదవడం ఆపి ఆలోచించండి. ఆ గదిలో మీరే ఉన్నారనుకోండి. నిన్నటిదాకా అంతా బాగుంది. కొత్త ప్రోగ్రాము ఎక్కించాక, ఈ రోజున పిచ్చి ఆర్డర్లు పోతున్నాయి. మీరేం చేస్తారు?

“కొత్తదాన్ని తీసెయ్యండి, పాతదే ఉండనివ్వండి” అంటారు కదూ? వారూ అదే చేశారు. కొత్త ప్రోగ్రాము సరిగ్గా ఎక్కిన ఏడు సర్వర్లలోంచి దాన్ని తీసేశారు. మరుక్షణం ఆ ఏడింటిలోనూ పవర్ పెగ్ మేల్కొంది. అంతవరకు ఒక్క సర్వరుకు ఉన్న జబ్బు ఎనిమిదింటికీ పట్టింది.

ఎందుకని? ప్రోగ్రాము నిన్నటిదైంది గాని, దాని దగ్గరకు వచ్చే ఆర్డర్లు నిన్నటివి కావు. వాటి మీద జెండా ఎత్తే ఉంది. మారినవి రెండైతే వారు వెనక్కి తిప్పింది ఒక్కదాన్నే. పాత ప్రోగ్రాము, దించిన జెండా ఉన్నంతకాలం ప్రమాదం లేదు. కొత్త ప్రోగ్రాము, ఎత్తిన జెండా ఉన్నా ప్రమాదం లేదు. పాత ప్రోగ్రాముకు ఎత్తిన జెండా తోడైతేనే ముప్పు. వారు చేసిన మరమ్మతు సరిగ్గా ఆ జతనే ఎనిమిది చోట్లా తయారుచేసింది.

మొత్తం 45 నిమిషాలు. ఖాతాదారుల నుంచి వచ్చిన 212 ఆర్డర్లకుగాను సర్వర్లు లక్షలాది ఆర్డర్లు పంపితే, 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిగిపోయాయి. చేతులు మారిన షేర్లు 39 కోట్ల 70 లక్షలకు పైమాటే. సంస్థకు వచ్చిన నష్టం 46 కోట్ల డాలర్లకు పైగా, అంటే ఆనాటి మారకం ప్రకారం సుమారు 2,500 కోట్ల రూపాయలు. మరుసటి ఏడు ఆ సంస్థ మరొక సంస్థలో కలిసిపోయింది. షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ 2013 అక్టోబరులో తన విచారణ వివరాలు ప్రకటించి, 1 కోటి 20 లక్షల డాలర్ల జరిమానా వేసింది. పైన చెప్పిన అంకెలన్నీ ఆ వివరాల్లోనివే.

మరి ఎలా వెదికి ఉండవలసింది? మొదట కారణం సంగతి పక్కన పెట్టి నష్టాన్ని ఆపాలి. ఇల్లు కాలుతుంటే అగ్గిపుల్ల ఎవరు గీశారని విచారించం. ఆర్డర్లు పంపడం ఆపేసి, ఆ తరువాత ఒక చిన్న ప్రశ్న వేసుకోవాలి: పిచ్చి ఆర్డర్లు ఎనిమిది సర్వర్ల నుంచీ పోతున్నాయా, కొన్నిటి నుంచేనా? ప్రయోగశాలలో మనం రెండు కుండీలు పెట్టి ఒకదానికి ఎండ తగలనిచ్చి, ఒకదాన్ని చీకట్లో ఉంచుతాం కదా. ఇక్కడ ఆ ప్రయోగం దానంతటదే సిద్ధమై ఉంది. కొత్త ప్రోగ్రామున్న ఏడు బాగున్నాయి, లేనిది ఒక్కటే చెడింది. అయితే దోషం ఎవరిది?

ఎనిమిదింటిలో ఒకే ప్రోగ్రాము ఉందో లేదో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఫైలు మొత్తాన్ని ఒక లెక్క ప్రకారం కుదించి, దాని వేలిముద్ర వంటి ఒక సంఖ్యను తీస్తారు. మీరే చేసి చూడండి. ఎనిమిదిమంది స్నేహితుల చేత ఒకే పేరా కాపీ చేయించి, ఒక్కొక్క వాక్యంలో ఎన్ని మాటలున్నాయో అంకెలు వేయమనండి. ఏడుగురికి 7, 5, 9, 6 అనీ, ఒకరికి 7, 5, 8, 6 అనీ వస్తే ఆ ఒకరు మూడో వాక్యంలో ఒక మాట వదిలేశారన్నమాట. పేరా అంతా చదవనక్కరలేదు. కాని ఒక మాట బదులు మరో మాట రాస్తే మన లెక్కకు దొరకదు. కంప్యూటర్లలో వాడే ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్క ఎంత పెద్ద ఫైలుకైనా 64 గుర్తులున్న ముద్రను ఇస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా ముద్ర గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. ఎనిమిది ముద్రలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఎనిమిదో సర్వరు క్షణంలో బయటపడేది.

ఇంత పెద్ద ఆపదలు అరుదు. మామూలుగా అప్‌డేట్ చెడేది చిన్న కారణాలకే. డిస్కులో చోటు చాలకపోవడం వాటిలో ఒకటి. పాతది ఉండగానే కొత్తది దింపుకోవాలి గనుక రెండింటికీ చోటు కావాలి. మధ్యలో కరెంటు పోతే సగం పాత, సగం కొత్తగా మిగులుతుంది. ఉబుంటు వంటి లినక్స్ సర్వర్లలో ఎంతవరకు వచ్చామో వ్యవస్థే రాసి ఉంచుకుంటుంది కాబట్టి, ఆగినచోటి నుంచి కొనసాగించమని అడగవచ్చు. రెండు అప్‌డేట్లు ఒకేసారి మొదలైతే మొదటిది తాళం వేసుకుంటుంది, రెండోది ఆగిపోతుంది. ఓపిక లేనివారు ఆ తాళాన్ని పగలగొడతారు. లోపల మొదటిది ఇంకా పనిచేస్తూ ఉంటే అసలు చెడేది అప్పుడే.

వీటన్నిటికీ సర్వరు డైరీ రాస్తుంది. దాన్ని లాగ్ అంటారు. చాలామంది అందులో చివరి వరుస మాత్రం చదువుతారు. “అప్‌డేట్ విఫలమైంది” అని ఉంటుంది. అది మనకు తెలిసిందే! కారణం తరచు ఇరవై వరుసల పైన, మొదటిసారి తప్పు నమోదైనచోట ఉంటుంది. జ్వరం వచ్చినవాణ్ణి ఇవాళ ఎలా ఉందని మాత్రమే కాక, మొన్న ఏం తిన్నావని డాక్టరు అడగడం ఇందుకే.

వెనక్కి తిప్పడం ఎప్పుడూ తప్పని అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు కూలిపోయాయి. ఆ రోజు హైదరాబాదు విమానాశ్రయంలో కూడా చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. 20 విలువలు అందే ప్రోగ్రామును 21వ విలువ చదవమనడం అసలు తప్పు. సంస్థవారు 78 నిమిషాల్లోనే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకున్నారు. అది సరైన పనే. కాని అప్పటికే కూలినవి, దిద్దుబాటును అందుకునేంతసేపు నిలిచి నడవలేకపోయాయి. ఎన్నో కంప్యూటర్ల దగ్గరకు మనుషులే వెళ్లి ఆ ఫైలును తీసివేయవలసి వచ్చింది. అందుకే ఆ తరువాత ఆ సంస్థ ఇటువంటి అప్‌డేట్లను అందరికీ ఒకేసారి కాక విడతలుగా పంపే పద్ధతి చేపట్టింది.

ఇప్పుడు మీకొక ప్రశ్న. కాగితం మీద ఎనిమిది గళ్లు గీయండి. నైట్ సంస్థలో కథ తిరగబడి, కొత్త ప్రోగ్రాము ఏడింటిలో ఎక్కకుండా ఎనిమిదోదానిలో మాత్రమే ఎక్కిందనుకోండి. ఆర్డర్ల మీద జెండా ఎత్తే ఉంది. 9-30కి ఏ గళ్లలో పవర్ పెగ్ లేస్తుంది? ఆ ఒక్కదానిలోంచీ కొత్త ప్రోగ్రామును తీసేస్తే ఏమవుతుంది? తీయకుండా, జెండాను దించితే?