ముందు మంజూరు, తర్వాత సంతకం

అమెరికాలో సొంతిల్లు ఉన్న తెలుగువారికి చలికాలపు గ్యాస్, ఆయిల్ బిల్లుల బరువు తెలిసిందే. వాటికి ఒక ప్రత్యామ్నాయం హీట్ పంపు. అది మంట పెట్టి వేడి పుట్టించదు, బయటి గాలిలోని వేడినే ఇంట్లోకి తోడుతుంది. అందుకే ఒక యూనిట్ కరెంటుకు సాధారణంగా రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. వేసవిలో అదే ఏసీ. దీన్ని పెట్టించుకోవడానికి సాయం ఉంది. కానీ పనులు వరస తప్పితే అది అందదు.

1. ఏవి అమల్లో ఉన్నాయో చూడండి. 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్ల ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబరు 31తో ముగిసింది. ఇక చూడాల్సినవి 2022 నాటి ఫెడరల్ చట్టం కింద రాష్ట్రాలు నడిపే రిబేటు, మీ కరెంటు లేదా గ్యాస్ కంపెనీ ఇచ్చే రిబేటు. రాష్ట్రాన్ని బట్టి నిధులు మారతాయి, అయిపోతాయి కూడా.

2. ఆదాయం లెక్క తేల్చుకోండి. మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటే రాష్ట్ర రిబేటు హీట్ పంపుకు 8,000 డాలర్ల దాకా మొత్తం ఖర్చు భరించగలదు. 80 నుంచి 150 శాతం మధ్య ఉంటే అదే పరిమితికి లోబడి సగం ఖర్చు భరిస్తుంది. అంతకు మించినవారికి ఈ రిబేటు రాదు, కంపెనీ రిబేటు చూసుకోవాలి.

3. ఇంటిని తనిఖీ చేయించండి. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ కార్యక్రమం కింద ఇది ఉచితం. అటక మీద ఇన్సులేషన్ పలచగా ఉన్నా, తలుపుల సందుల్లో గాలి దూరుతున్నా ముందు వాటిని సరిచేయాలి. వేడి నిలిచే ఇంటికి చిన్న పంపు సరిపోతుంది. కొనే ధరా తగ్గుతుంది, నెలనెలా బిల్లూ తగ్గుతుంది. పాత ఫర్నేసు సైజు చూసి అంతే పెద్దది పెట్టేస్తామంటే ఒప్పుకోకండి.

4. రెండు మూడు కొటేషన్లు తీసుకోండి. రిబేటు జాబితాలో ఉన్న కాంట్రాక్టర్లనే పిలవండి. గదుల వారీగా వేడి అవసరాన్ని లెక్కగట్టే 'మాన్యువల్ జె' కాగితం, లోపలి, బయటి యూనిట్ల జతకు ఏహెచ్ఆర్ఐ సర్టిఫికెట్ నంబరు అడగండి. కరెంటు ప్యానెల్ మార్చాల్సి వస్తే దానికీ రాష్ట్ర రిబేటులో 4,000 డాలర్ల దాకా వీలుంది.

5. రిబేటు మంజూరు వచ్చాకే కాంట్రాక్టు మీద సంతకం పెట్టండి. రాష్ట్ర రిబేటు సాధారణంగా బిల్లులోనే తగ్గుతుంది. పని అయ్యాక అడిగితే చాలాచోట్ల ఇవ్వరు.

6. బిగించాక కాగితాలు దాచండి. పర్మిట్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టు, బిల్లు, సీరియల్ నంబర్ల ఫోటోలు ఉంచుకుని, గడువులోపు కంపెనీ రిబేటు దరఖాస్తు పంపండి.

ఈ సాయంలో పెద్ద వాటా తక్కువ ఆదాయం ఉన్నవారికే. ఫారాలకు జంకి వెనక్కి తగ్గేదీ ఎక్కువగా వారే. నింపడం తెలిసినవాళ్లు పక్కన కూర్చుని నింపిపెడితే, ఆ డబ్బు చేరాల్సిన ఇంటికి చేరుతుంది.