పైకి కనబడని రక్తనాళపు దెబ్బ

పొలములో ట్రాక్టరు తిరుగబడి కాలిపై పడును. కుప్పము వైపు గ్రానైటు గనిలో రాయి జారి మోకాలికి తగులును. మదనపల్లె మార్కెట్టునకు టమోటాలు తోలుకొనిపోవు బండి దారిలో బోల్తాపడును. చర్మము చిట్లలేదు, రక్తము కారలేదు. చూడవచ్చిన వారెల్లరు "ఎముక విరిగినదా?" అని అడుగుదురు. అంతకు ముందే అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: "పాదమునకు రక్తము అందుచున్నదా?"

మోకాలి వెనుకనున్న ధమని ఎముకను ఆనుకొని యుండును. కీలు తప్పినప్పుడు అది సాగి, లోపలి పొర చిట్లును. అచట రక్తము గడ్డకట్టి ప్రవాహము ఆగిపోవును. ఆరు గంటలు దాటినచో కాలు దక్కుట కష్టము.

గుర్తించుట ఎట్లు? రెండు పాదములను తాకి పోల్చి చూడవలెను. దెబ్బతిన్న పాదము చల్లబడి పాలిపోయినను, తిమ్మిరెక్కినను, వ్రేళ్లు కదలకున్నను, నొప్పి అంతకంతకు పెరుగుచున్నను అపాయమని ఎరుగవలెను. పాదము పైనను, లోపలి చీలమండ వెనుకను నాడి చేతికి తగులును. ఒక కాలికి అంది, రెండవ కాలికి అందనిచో క్షణమైనను ఆలస్యము తగదు. నాడి అందినను గండము గడచినదని తలపక, దారిలో మరల మరల చూడవలెను.

ఆసుపత్రిలో చీలమండ వద్ది రక్తపుపోటును చేతి పోటుతో పోల్తురు. అది పదింట తొమ్మిది వంతులకు తగ్గినచో సి.టి. యాంజియోగ్రామ్ తీసి చూతురు. చెడిన భాగమును తొలగించి, సాధారణముగా రెండవ కాలినుండి తీసిన సిరతో ధమనిని అతుకుదురు. రెండవ ప్రపంచ యుద్ధమున ఈ ధమని గాయపడిన అమెరికా సైనికులలో నూటికి 70 మందికి పైగా కాలు కోల్పోయిరి. కొరియా యుద్ధకాలమున (1950-53) ధమనిని అతుకుట ఆరంభమైన పిదప ఆ నష్టము మిక్కిలి తగ్గినది.

ఇక కాలము లెక్క చూడుడు. మదనపల్లె, పుంగనూరుల నుండి తిరుపతికి మూడు గంటల వరకు పట్టవచ్చును. ఊరిలో రెండు గంటలు తర్జనభర్జనలో గడచినచో వైద్యునికి మిగులునది ఒక్క గంటయే. కుప్పమున వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. వేలూరు, బెంగుళూరులును ఆ ప్రాంతమునకు దగ్గర. రక్తనాళములు కుట్టు శస్త్రవైద్యులు ఎచట నున్నారో పంచాయతీ ముందుగనే తెలిసికొని, ఆ ఫోను నంబర్లను కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను.

ప్రమాదము జరిగిన వెంటనే 108కి ఫోను చేసి, నాడి అందుటలేదని స్పష్టముగా చెప్పవలెను. కాలు కదలకుండ బద్దలు వదులుగా కట్టవలెను. బిగించి కట్టుట, నూనె మర్దించుట, కాపడము పెట్టుట కూడదు. శస్త్రచికిత్స అవసరము కావచ్చును గనుక ఆహారపానీయములు ఈయరాదు. దెబ్బ తగిలిన వేళను కాగితముపై వ్రాసి వెంట పంపవలెను.

ఎముకకు కట్టు మరునాడైనను కట్టవచ్చును. రక్తము అందని కాలు మరునాటి వరకు నిలువదు. ఈ మాట మీ గ్రామసభలో ఒక్కమారు చెప్పినచో ఒక కుటుంబము నిలువవచ్చును.