పెరటి కూరగాయలు: పైసలు ఎక్కడ మిగులుతాయి, ఎక్కడ మిగలవు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఇంటి వెనక ఎంతో కొంత జాగ ఉన్నవాళ్లు ఎక్కువే. అందులో పండించినవి అంగడికంటే అగ్గువ పడతాయా అంటే, అది ఏం పెడతామన్నదాన్ని బట్టే ఉంటుంది.

1. మొదట ఆకుకూరలే వేయండి. తోటకూర, పాలకూర, మెంతి నెల తిరిగేసరికి కోతకొస్తాయి. పుంటికూర చివుళ్లు తుంచినకొద్దీ మళ్లీ వేస్తుంది. అంగట్లో కొన్న కట్ట సగం వాడిపోతుంది. పెరట్లో ఆ పూటకు కావలసినంతే కోస్తాం. అసలు పొదుపు ఇక్కడే ఉంది. కొత్తిమీరకు విత్తనం కొనక్కర్లేదు, వంటింట్లో ధనియాలనే రెండు బద్దలయ్యేలా నలిపి చల్లండి.

2. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, క్యాబేజీ వద్దు. నెలల తరబడి జాగ ఆక్రమిస్తాయి, మిగిలేది ఏమీ ఉండదు. టమాట సంగతీ అంతే. 2023 జూలైలో కిలో వంద దాటింది. అప్పుడు నారు పెట్టినవాళ్లకు కాయ చేతికొచ్చేసరికే ధర పడిపోయింది. రుచి కోసమైతే రెండు మొక్కలు చాలు.

3. నేల ఉండగా కుండీలు కొనకండి. గ్రో బ్యాగు, కోకోపీట్, ఎరువు అన్నీ కొంటే ఒక్క వంగ మొక్కకే 200 రూపాయలు దాటొచ్చు. ఆ మొక్క కాసేది రెండు మూడు కిలోలు. మేడ తప్ప వేరే దారి లేకపోతే పాత బకెట్లు, ఖాళీ బియ్యం సంచులు వాడండి. చెలక నేలకు పెంట ఎరువు దండిగా వేయండి. రేగడిలో నీళ్లు నిలవకుండా మడి ఎత్తుగా పోయండి.

4. మృగశిర కార్తెలో వాన పడగానే చిక్కుడు, బీర, కాకర గింజలు పెట్టండి. ఉన్న కంచెకే పాకించండి. చిక్కుడు పాదు ఒక్కటి బాగా పాకితే చలికాలమంతా కూరకు లోటుండదు.

5. నీళ్లు కొనాల్సి వస్తే తోట ఆపేయండి. జనగామ వైపు ఎండాకాలం బోర్లు ఎండితే ట్యాంకర్ నీళ్లతో పెంచిన బెండకాయ అంగడి కాయకంటే పిరమవుతుంది. ఏప్రిల్, మేలలో మడిమీద ఎండుటాకులు కప్పి వదిలేయండి. మిగతా రోజుల్లో బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకే పోయండి.

6. అన్నిటికంటే పెద్ద నష్టం కోతులతోనే. మీ వాడలో గుంపు తిరుగుతుంటే టమాట, వంకాయ మీద ఆశ పెట్టుకోకండి. మిరప, కాకర, పుదీన, పసుపు జోలికి అవి తక్కువగా వస్తాయి. నాలుగు మొక్కల కోసం ఇనుప జాలీ కట్టిస్తే ఆ ఖర్చు ఏళ్లు గడిచినా తిరిగిరాదు.

7. భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే దారి పక్కనైతే ఆకుకూరలు ఇంటి వెనకవైపే వేయండి, బాగా కడిగి వండండి.

8. నాటు బీర, సొర, చిక్కుడు కాయ ఒకటి పాదుమీదే ఎండనిచ్చి గింజ దాచుకోండి. హైబ్రిడ్ గింజ మళ్లీ అలాగే కాయదు. రకాల మీద అనుమానముంటే మహబూబాబాద్ దగ్గరి మల్యాల కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఈసారికి ఒక్క ఆకుకూర మడి, ఒక్క చిక్కుడు పాదుతో మొదలుపెట్టండి.