రైతు వాకిటికి వచ్చిన కళాశాల

కళాశాల యనగానే మన గ్రామములలో చాలమందికి తోచునది యొక్కటే: పిల్లవాడు అందు చేరును, పట్టమును పుచ్చుకొనును, ఉద్యోగమునకై పట్టణమునకు పోవును. ఊరికి మిగులునది వాని చదువునకై చేసిన అప్పు. ఈ యభిప్రాయము కేవలము నిరాధారమని చెప్పజాలము. అయినను గోడల లోపల నేర్పెడి విద్య గోడల వెలుపలనున్న కాపునకును, వాని యిల్లాలికిని కూడ చెందవలసినదే యని తలచి, ఆ తలంపును బండి కెక్కించి పల్లెలకు తోలిన విద్యాలయ మొకటి గలదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో, అలబామా రాష్ట్రపు మేకన్ మండలమున, టస్కీగీ యను చిన్న పట్టణమున నున్నది. దాని చరిత్రలో మన సహకార సంఘముల సభ్యులు తెలిసికొనదగిన విషయములు పెక్కులు గలవు గాన ఈ నెల పాఠమునకు దానినే యెన్నుకొంటిమి.

ముందుగా అచటి రైతు స్థితి యెట్టిదో చూతము. అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు 1865వ సంవత్సరము వరకు బానిసలుగ నుండిరి. బానిసత్వము తొలగినది గాని భూమి వారి చేతికి రాలేదు. పెద్ద కమతముల యజమానులవద్ద కోరునకో కౌలునకో సేద్యము చేయుటయే పెక్కుమందికి మిగిలిన దారి. విత్తనము నాటినది మొదలు పంట చేతికి వచ్చువరకు తిండికి, బట్టకు, పనిముట్లకు అంగడివాడు అరువిచ్చెడివాడు. రాబోవు పంటయే దానికి తనఖా. అరువు ధర రొక్కపు ధరకంటె హెచ్చు. దానిపై వడ్డీ వేరు. వానికి నమ్మకమైన సరకు ప్రత్తి యొక్కటే గాన ప్రత్తినే వేయుమని పట్టుపట్టెడివాడు. అందుచే ఇంటి గుమ్మము వరకును ప్రత్తియే. కూరగాయల మడి లేదు, పాడి లేదు, తినెడి పిండియు మాంసమును సైతము అంగడినుండి అరువు తెచ్చుకొనవలసినదే. ఏటేట ఒకే పైరు వేయుటచే నేల నిస్సారమయ్యెను. సంవత్సరాంతమున లెక్క చూచుకొనగా ప్రత్తి పోయి బాకీ మిగిలెడిది. ఈ కథ మనకు క్రొత్తది కాదు. పరపతి సంఘములు పుట్టుటకు పూర్వము, కొన్ని తావుల పుట్టిన తరువాత సైతము, మిరప, పొగాకు, ప్రత్తి పండించు మన రైతు పడిన పాట్లు ఇట్టివే.

బానిసగనే పుట్టిన బుకర్ టి. వాషింగ్టన్ 1881వ సంవత్సరమున టస్కీగీలో పాఠశాలను తెరచెను. పిల్లలకు చదువుతోపాటు ఇటుకలు చేయుట, వడ్రంగము, సేద్యము నేర్పించుచుండెను. కాని పిల్లవాడు నేర్చినదానిని తండ్రి నమ్మనిచో ఆ విద్య పొలమునకు చేరదని ఆయన త్వరలోనే గ్రహించెను. అందుచే 1892 ఫిబ్రవరిలో చుట్టుప్రక్కల పల్లెలనుండి సుమారు 75 మందిని పిలిచి యొక సభ చేయనెంచెను. వచ్చినవారు దాదాపు 400 మంది. ఆ సభలో ఉపన్యాసకులకు ప్రాధాన్యము లేకుండెను. రైతులనే ప్రశ్నించిరి: మీలో సొంత భూమి గలవా రెందరు? పంటను తనఖా పెట్టినవా రెందరు? ఒంటిగది గుడిసెలలో కాపురముండు కుటుంబము లెన్ని? మీ యూర బడి సంవత్సరమునకు ఎన్ని నెలలు జరుగును? తమ బాధను తామే నలుగురిలో లెక్కవేసి చెప్పుకొనుటలో నొక బలము గలదు. తన యొక్కని దురదృష్ట మనుకొన్నది ఊరందరి పద్ధతిలోని లోపమని అప్పుడు తెలియును. సాధ్యమైనంత వరకు తిండిగింజలను ఇంటనే పండించుకొనవలెను, తనఖాలను తప్పించుకొనవలెను, కొంచెమైనను భూమి సంపాదింపవలెను, బడి కాలమును పెంచుకొనవలెను అని తీర్మానించిరి. నాటినుండి ఆ సభ యేటేట జరుగుచు వచ్చెను. ఆ కాలముననే వాషింగ్టన్ గారి భార్య మార్గరెట్ గారు, శనివారములందు భర్తలతో పట్టణమునకు వచ్చి ఊరక వీధులలో వేచియుండు పల్లె స్త్రీలను కూడదీసి, శిశుపోషణమును గృహనిర్వహణమును గూర్చి బోధించు తల్లుల సభలను ప్రారంభించిరి.

1896లో జార్జి వాషింగ్టన్ కార్వర్ అను శాస్త్రజ్ఞుడు అయోవా రాష్ట్రమునుండి టస్కీగీకి వచ్చెను. మరుసటి సంవత్సరము అలబామా శాసనసభ అచట నొక వ్యవసాయ పరిశోధనా క్షేత్రమును ఏర్పరచి, సంవత్సరమునకు 1,500 డాలర్లు మంజూరు చేసెను. ఆ స్వల్ప ధనముతో కార్వర్ చేసిన పని గొప్పది. ఆయన పాటించిన నియమము నొకదానిని మన వ్యవసాయ శాఖలవారు తమ గోడలపై వ్రాసికొనదగును: బీద రైతు కొనజాలని వస్తువును వానికి సలహాగా చెప్పరాదు. సీమ ఎరువు కొనలేనివానికి అడవిలో రాలిన ఆకును, చిత్తడి నేలలలోని నల్లని బురదను కుప్పవేసి మురుగబెట్టి ఎరువు చేయుట చూపెను. ప్రత్తి వేసిన నేలలో మరుసటి యేడు అలసంద వేయుమనెను. అలసంద, పెసర, మినుము, వేరుసెనగ, జనుము, జీలుగ మొదలగు కాయజాతి మొక్కల వేళ్లయందు చిన్న బుడిపెలుండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్క కందించును. ఆ మొక్కను గాని దాని వేళ్లను గాని నేలలో కలియదున్నినచో తరువాతి పైరునకు ఆ సారము లభించును. వరి కోసిన పొలములో మినుము చల్లు కృష్ణా, గోదావరి తీరపు రైతునకు ఈ ఫలితము చిరపరిచితమే. కారణము మాత్రమే క్రొత్తది.

కార్వర్ 1898 మొదలు తాను మరణించిన 1943 వరకు 44 చిన్న పుస్తకములను ప్రకటించెను. సారముడిగిన నేలలను బాగుచేయు విధమును గూర్చి 1905లో నొకటి, వేరుసెనగను పండించుటను, దానితో చేయదగు 105 వంటకములను గూర్చి 1916లో నొకటి వెలువడెను. పండించుట చెప్పి, పండినదానిని ఏమి చేయవలెనో చెప్పనిచో అది సగము సలహాయే యని ఆయన యెరుగును. వేరుసెనగ వెన్నను కనిపెట్టినవాడు కార్వరే యని పలువురు చెప్పుచుందురు. అది నిజము కాదు. ఆయన గొప్పతనమునకు ఆ కట్టుకథ యవసరమును లేదు.

ఇంతవరకు రైతు కళాశాలకు వచ్చుటయే జరిగినది. నెలనెలా జరుగు రైతుల సమావేశములకును, 1904 నుండి చలికాలపు తీరిక దినములలో పెట్టిన కొద్దిరోజుల తరగతులకును ప్రజలు వచ్చుచుండిరి. అయితే ఎవరికి ఆ బోధ మిక్కిలి యవసరమో వారు రాలేకుండిరి. బండి లేనివాడు, యజమాని సెలవియ్యనివాడు, నలుగురిలోనికి వచ్చుటకు మంచి బట్టలేనివాడు ఇంటనే నిలిచిపోయెను. కావున 1906లో కళాశాలయే బయలుదేరెను. న్యూయార్కు ధనికుడు మారిస్ కె. జెసప్ సొమ్మియ్యగా, టస్కీగీ విద్యార్థులే గుఱ్ఱపు బండిని తయారుచేసిరి. అందు మేలైన నాగళ్లు, విత్తనములు, ఎరువుల మచ్చులు, వెన్న చిలుకు పాత్ర, పాలను పరీక్షించు సాధనము మొదలగునవి అమర్చిరి. దానికి జెసప్ బండి యని పేరు. టస్కీగీలో చదివిన థామస్ ఎం. క్యాంప్‌బెల్ అను యువకుని ఆ సంవత్సరాంతముననే ప్రభుత్వ వ్యవసాయ శాఖవారు ప్రదర్శకునిగ నియమించి ఆ బండి నప్పగించిరి.

ఈ సంచార పాఠశాల పని చేయు విధమును సభ్యులు శ్రద్ధగా గమనింపవలెను. బండి సంతకు పోయి నిలువదు. ధనవంతుని తోటకును పోదు. ఒక పల్లెలో సామాన్యమైన కాపు ఇంటిని ముందుగానే ఎన్నుకొందురు. ఆ యిల్లు కారుచుండును; మెట్లు విరిగియుండును; దొడ్డి యుండదు; కోళ్లు చెట్లపై పండుకొనును. ఇరుగుపొరుగువారందరు అచటికి చేరుదురు. ఉపన్యాసము మితము, పని యధికము. పురుషులు పురుషులతో కలిసి మెట్లు బాగుచేయుదురు, కోళ్లగూడు కట్టుదురు, మరుగుదొడ్డికి గొయ్యి త్రవ్వుదురు, వాలుగా నున్న చేనిలో నీరు మన్నును కోసికొనిపోకుండ గట్టులు వేయుదురు. గోడలకు పూయుటకై ఆ మండలపు మట్టినుండియే రంగులు చేయు విధమును కార్వర్ 1911లో ఒక చిన్న పుస్తకమున ప్రకటించెను గాన రంగునకును కాసు ఖర్చు లేదు. స్త్రీలు మొక్కజొన్న పొత్తుల తొడుగులతో చాపలల్లుట, పండ్లు కూరలు నిలువచేయుట నేర్చుకొందురు. సాయంకాలమునకు ఆ యింటి రూపమే మారిపోవును. చూచినవాడు తన యింటికి పోయి, ఇది నేనును చేయగలనని తలచును. కొన్నదేమియు లేదు, ఉన్నవానితోనే చేసినది. బోధ అనగా నిది.

1918లో గుఱ్ఱపు బండికి బదులుగ మోటారు లారీ వచ్చెను. 1920లో నొక నర్సు కూడ చేరి, శిశువులకు స్నానము చేయించుట, రోగిని పరుండబెట్టుట, జ్వరపు కొలత చూచుట నేర్పుచుండెను. ఆ లారీ పాతబడిన తరువాత 1923లో క్రొత్తది కొనుటకై నల్లజాతి రైతులే చందాలు పోగుచేసిరి. తాము మెచ్చనిదానికి పేదవారు చేతి సొమ్మిత్తురా?

ఈ పనికి తొందర కలిగించినది యొక పురుగు. ప్రత్తికాయలను తొలుచు ముక్కుపురుగు 1892 ప్రాంతమున మెక్సికో దేశమునుండి టెక్సాసులో ప్రవేశించి, తూర్పుగా వ్యాపించుచు, 1910 నాటికి అలబామాకు చేరెను. ప్రత్తినే నమ్ముకొన్న మండలములు మునిగిపోయినవి. వేరుసెనగకు మారిన ఎంటర్‌ప్రైజ్ అను పట్టణమువారు, ప్రత్తి వ్యామోహమును వదలించినది గదా యని, 1919లో ఆ పురుగునకే స్మారకస్తంభము నెత్తిరి. అంతకు ముందే, 1903లో, సీమన్ నాప్ అను వృద్ధుడు టెక్సాసులోని టెరెల్ గ్రామమున, రైతు పొలములోనే రైతు చేతనే సేద్యము చేయించి చూపు పద్ధతిని స్థిరపరచియుండెను. ఈ యనుభవములన్నియు కలిసి 1914లో స్మిత్-లీవర్ చట్టమయ్యెను. దానినిబట్టి కేంద్ర, రాష్ట్ర, మండల ప్రభుత్వములు వ్యయమును పంచుకొని, వ్యవసాయ కళాశాలల ద్వారా ప్రతి మండలమునను బోధకులను నిలుపవలెను. దీనికి సహకార విస్తరణమని పేరిడిరి. ఇందలి సహకారము మన సంఘముల వంటిది కాదు, ప్రభుత్వముల పొత్తు మాత్రమే.

మంచిని మాత్రమే చెప్పి విడుచుట న్యాయము గాదు. ఆ చట్టపు ధనము అలబామాలో తెల్లవారి కళాశాల యధికారమునకు చిక్కెను. దారి చూపిన టస్కీగీకి దానిపై పెత్తనము లేదు. నల్లజాతి బోధకులకు జీతములు తక్కువ. నేల బాగుపడినను కౌలుదారునకు హక్కు రాలేదు. అంతకంటె ఘోరమైనది మరియొకటి. 1932 నుండి 1972 వరకు అమెరికా ప్రభుత్వ ఆరోగ్య శాఖవారు ఆ మేకన్ మండలముననే, సుఖవ్యాధిగల 399 మంది నల్లజాతి పురుషులను, ఆ వ్యాధి లేని 201 మందిని చేర్చుకొని, వైద్యము చేయుచున్నామని నమ్మించి, పెనిసిలిన్ లభించిన తరువాత కూడ ఇయ్యక, వ్యాధి ముదురు విధమును చూచుచుండిరి. టస్కీగీ సంస్థయొక్క ఆసుపత్రిని సైతము ఇందుకు వాడుకొనిరి. దేశాధ్యక్షుడు 1997లో క్షమాపణ చెప్పెను. గ్రామమునకు సేవచేయ వచ్చినవారిని ఆదరింపవలెను; మీరు మాపై చేయునదేమి, దానివలన మాకు కలుగునదేమి యని ప్రశ్నించు హక్కును మాత్రము ఎన్నడును వదలుకొనరాదు.

ఇక మన సంగతి. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో స్థాపింపబడెను. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము ఏర్పడినపుడు అమెరికాలోని కాన్సస్ రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు తోడ్పడిరి గాన, బోధన, పరిశోధన, విస్తరణ యను మూడు పనులను ఒకే సంస్థ చేయవలెనను పద్ధతి మనకును వచ్చెను. 1974లో పుదుచ్చేరిలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రము వెలసెను; నేడు మన జిల్లాలలోను ఇట్టి కేంద్రములు గలవు. వ్యవసాయ పట్టమునకు చదువు విద్యార్థులు చివరి సంవత్సరమున కొంతకాలము పల్లెలలో రైతులవద్ద నుండి పని నేర్చుకొందురు. ఇవన్నియు రైతు అడిగిననే తప్ప పూర్తిగా ఉపయోగపడవు. ఒంటరిగా పోయిన రైతు మాటకంటె సంఘము తీర్మానించి వ్రాసిన యుత్తరమునకు బలము హెచ్చు.

సంఘపు కార్యదర్శి వేసవి దుక్కులకు ముందే సభ్యులను కూర్చి, మన యూర పంటకు కలుగు నష్టములలో మొదటిదేదో నిర్ణయింపజేసి, ఆ యొక్క విషయమునే కేంద్రమునకు వ్రాయవలెను. ప్రదర్శన క్షేత్రమునకు అధ్యక్షుని మాగాణిని గాక, అప్పో సప్పో చేసి సేద్యము నడుపు మధ్యరకపు సభ్యుని ఎకరము నొకదానిని ఈయవలెను. దాని ప్రక్కనే పాత పద్ధతిలో మరియొక ఎకరమును విడిచి, రెంటి ఖర్చును రాబడిని సంఘపు పుస్తకములో వేరువేరుగ వ్రాయవలెను. ఆడవారిని కూడ పిలువవలెను. విత్తనము దాచువారు, కలుపు తీయువారు వారే గదా.

మట్టి పరీక్షకు పంపువారు చేనిలో పది పదునైదు చోట్ల, జానెడుకు కొంచెము తక్కువగ, అనగా 15 సెంటీమీటర్ల లోతు వరకు, మన్ను తీసి, గోనెపై పోసి కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను పారవేయుచు, అరకిలో మిగులువరకు తగ్గించి నీడను ఆరబెట్టవలెను. చెట్టు క్రింద, గట్టు ప్రక్కన, పెంటకుప్ప యున్న చోట తీయరాదు. సంచిపై పేరు, చేని గురుతు, వెనుకటి పైరు, వేయబోవు పైరు వ్రాసి కార్యదర్శి కందజేసినచో అన్నియు నొక్కసారిగ పంపబడును.