అగ్రిమెంటు మీద అడిగితే ఏం చెప్పాలి? కాకినాడ రేవు కార్మికుల ప్రశ్నలు

కాకినాడ యాంకరేజి పోర్టులో ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలో లంగరేసుకుని ఉంటుంది. బియ్యం బస్తాలు బార్జీల్లో దాని దగ్గరకు వెళతాయి. లారీ నుంచి బార్జీకి, బార్జీ నుంచి స్లింగులో ఓడ హాచ్‌లోకి చేరేదాకా ఒక బస్తా ఎన్నో చేతులు మారుతుంది. ప్రతి చెయ్యికీ ఒక రేటు, ఆ రేటు వెనక ఒక సంతకం ఉంటాయి. ఆ ఒప్పందం కాగితం మీద యూనియన్ తరగతుల పరీక్షలో వచ్చే ప్రశ్నలకు సిద్ధమయ్యేవారి కోసం ఈ జవాబులు.

ప్ర: ఈ పరీక్షలో తప్పితే పని పోతుందా?

పోదు. అలాంటి పరీక్ష ఏ చట్టంలోనూ లేదు. కమిటీలో బాధ్యత తీసుకునేవారికి ఒప్పందం తెలుసో లేదో చూసుకోవడానికి యూనియన్ అడుగుతుంది, అంతే. అసలు పరీక్ష లేబర్ ఆఫీసులో జరుగుతుంది. అవతలివాళ్లు “ఏ క్లాజు ప్రకారం అడుగుతున్నారు?” అన్నప్పుడు మన దగ్గర జవాబుండాలి.

ప్ర: విశాఖ పోర్టులో జీతాలు పెరిగాయి. మాకూ పెరగాలి కదా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. 2024 సెప్టెంబరు 27న కుదిరిన వేతన ఒప్పందం కేంద్రం చేతిలోని మేజర్ పోర్టులది. 2022 జనవరి 1 నుంచి 2026 డిసెంబరు 31 దాకా దాని కాలం, 8.5 శాతం ఫిట్‌మెంట్. విశాఖ మేజర్ పోర్టు. కాకినాడ కాదు. ఇక్కడ యాంకరేజి పోర్టు రాష్ట్రానిది, డీప్ వాటర్ పోర్టును ప్రైవేటు కంపెనీ నడుపుతోంది. మీ వివాదం వెళ్లేది రాష్ట్ర కార్మిక శాఖకే. విశాఖ రేటును చర్చల్లో ఉదాహరణగా చూపించండి, తప్పులేదు. హక్కుగా మాత్రం అడగలేరు.

ప్ర: 12(3), 18(1) అంటుంటారు. ఏమిటా తేడా?

పాత పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లోని సెక్షన్లవి. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అయినా రేవులో పాత పేర్లే వాడుకలో ఉన్నాయి. యాజమాన్యం, యూనియన్ తమలో తాము కూర్చుని రాసుకుంటే 18(1). అది సంతకం పెట్టినవాళ్లకే కట్టుబాటు. కన్సిలియేషన్ ఆఫీసరు సమక్షంలో, రాజీ చర్చల్లో కుదిరితే 12(3). అది యూనియన్ సభ్యులు కానివారికీ, రేపు కొత్తగా పనిలోకి వచ్చేవారికీ వర్తిస్తుంది. రెండు మూడు యూనియన్లున్న రేవులో ఈ తేడా చాలా పెద్దది. కాగితం చేతికి రాగానే చివరి పేజీ తిప్పి ఆఫీసరు సంతకం ఉందో లేదో చూడండి.

ప్ర: గడువు అయిపోయింది, కొత్త ఒప్పందం కుదరలేదు. పాత రేటు కూడా ఇవ్వక్కర్లేదంటున్నారు.

ఇవ్వాలి. గడువు తీరినంత మాత్రాన ఒప్పందం చచ్చిపోదు. రద్దు చేస్తున్నామని రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి, 60 రోజులు గడిచేదాకా అది నడుస్తుంది. ఆ తర్వాత కూడా కొత్తది వచ్చేవరకు పాత షరతులే కొనసాగుతాయని 1980లో ఎల్‌ఐసీ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కూలి, పని గంటల వంటివి మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసు కూడా తప్పనిసరి.

ప్ర: వించ్ చెడిపోయి సగం రోజు ఖాళీగా కూర్చున్నాం. టన్నుల లెక్క కాబట్టి ఆ పూట కూలి పోయినట్టేనా?

ముందు ఒప్పందంలో ఖాళీ సమయం గురించి ఏం రాశారో చూడండి. ఎన్ని గంటలు ఆగితే ఎంత ఇస్తారో కొన్నిట్లో ఉంటుంది. అది లేకపోతే వేతనాల కోడ్ ఉంది. రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయమైన చోట, కార్మికుడు సిద్ధంగా ఉన్నా యజమాని పని ఇవ్వలేకపోతే పూర్తి రోజు వేతనం రావాలి. టన్నుల కూలికి వేరుగా కనీస రేటు నిర్ణయించకపోతే, రోజువారీ కనీస వేతనం కన్నా తగ్గకూడదు. యాభై కిలోల బస్తాలు ఇరవై అయితే ఒక టన్ను. పన్నెండు మంది ముఠా వెయ్యి రెండొందల బస్తాలు ఎక్కిస్తే అరవై టన్నులు, మనిషికి అయిదు టన్నులు. ఈ లెక్క ఏ రోజుకారోజు రాసిపెట్టుకున్న మేస్త్రే లేబర్ ఆఫీసులో ధైర్యంగా మాట్లాడగలడు.

అసలు ఓడే రాకపోతే సంగతి వేరు. 2023 జులై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని కేంద్రం నిషేధించింది, 2024 సెప్టెంబరు 28న ఎత్తేసింది. ఈ రేవుకు బియ్యమే ఆధారం. ఇలాంటి కాలానికి కనీస పని రోజుల గ్యారంటీ ఒప్పందంలో రాయించుకుంటేనే దక్కుతుంది. నా దృష్టిలో, రేటు పెంపు కన్నా ముందు అడగాల్సింది ఇదే.

ప్ర: మేస్త్రి కింద పనిచేస్తాం. మా పేరు ఏ మస్టర్‌లోనూ లేదు. మాకు హక్కులుంటాయా?

ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల పేరుతోనే 1976లో ఒక చట్టం చేశారు. చట్టం చేసినంత శ్రద్ధ అమలులో కనబడలేదు. సంక్షేమ బోర్డు కావాలని హమాలీ సంఘాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి. కొత్త కార్మిక కోడ్‌ల ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి. పేరు లేదన్న మాటకు జవాబు రుజువులే. గేటు పాసు, టాలీ షీటు ఫొటో, ఫోన్‌లో పడిన కూలి డబ్బుల మెసేజీ, ఏదీ పారెయ్యకండి.

ప్ర: స్లింగు, వించ్ గురించి ఏం అడుగుతారు?

ఎంత బరువుకు భద్రమో దాని మీద రాసి ఉండాలి. తీగ తెగిన స్లింగును వాడనివ్వకూడదు. ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. చెప్పిన టైము, ఎవరికి చెప్పారో రాసుకోండి.

ప్ర: ప్రమాదంలో మనిషి పోతే ఎంత వస్తుంది?

ఈఎస్‌ఐ ఉంటే దాని ద్వారా కుటుంబానికి పింఛను. లేకపోతే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. నలభై ఏళ్ల మనిషికి గుణకం 184.17. నెల వేతనం 15,000 అనుకుంటే 13,81,275 రూపాయలు. ఒక నెలలోపు కట్టకపోతే వడ్డీ పడుతుంది. క్లెయిముకు గడువు రెండేళ్లు. “ఇంత తీసుకుని సంతకం పెట్టమ్మా” అని ఇంటికొచ్చి అడిగేవాళ్ల కాగితం మీద ఆ కుటుంబం చేత సంతకం పెట్టించకండి. మీరు కమిటీలో ఉంటే ఆ రోజు ఆ ఇంట్లో ఉండటం మీ బాధ్యత.

ప్ర: సమ్మెకు దిగాలంటే నియమాలేమిటి?

నోటీసు ఇచ్చిన 14 రోజుల్లోపు దిగకూడదు. 60 రోజులు దాటితే ఆ నోటీసు చెల్లదు. రాజీ చర్చలు నడుస్తుండగా, ముగిసిన ఏడు రోజుల దాకా కుదరదు. సగం మంది, ఆపైన కలిసి ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క.

ప్ర: చదవాల్సింది చాలా ఉంది. ఎక్కడ మొదలెట్టాలి?

సెక్షన్లు బట్టీ పట్టకండి. మీ ఒప్పందంలో నాలుగు చోట్ల గీత గీయండి: ఎవరెవరి మధ్య, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, రేటు ఏ పనికి, వివాదం వస్తే ఎవరి దగ్గరకు. ఒప్పందం కాగితం యూనియన్ ఆఫీసు బీరువాలో ఉండిపోతే లాభం లేదు. ఈ వారమే వెళ్లి ఒక జిరాక్స్ తీయించుకోండి. చదవడం రాని తోటి కార్మికుడికి ఒక్కో క్లాజూ చదివి వినిపించండి.