వ్యక్తిగత కంప్యూటరు చరిత్ర – దాని భద్రత

తాళపత్రాన్ని చదవడానికి కన్ను, వెలుతురు, లిపిజ్ఞానం చాలును. కంప్యూటరులో దాచిన రాతకు ఇవి చాలవు. ఆ రాతను పుట్టించిన యంత్రం, దానిని నడిపిన ప్రోగ్రాము కూడ ఉండితీరాలి. వ్యక్తిగత కంప్యూటరు చరిత్రను భద్రపరచడంలోని కష్టమంతా ఇక్కడే ఉన్నది.

ఇందుకు ఇంగ్లండులోని ఒక ఉదంతం చక్కని నిదర్శనం. విలియం రాజు భూములను, వాటి హక్కుదారులను విచారింపజేసి వ్రాయించిన 1086 నాటి డూమ్స్‌డే గ్రంథం లండనులోని జాతీయ పత్రాగారంలో ఉన్నది. చర్మపత్రాలపై వ్రాసిన ఆ అక్షరాలు నేటికీ చదవవచ్చును. తొమ్మిది వందల ఏండ్లు నిండిన సందర్భంగా 1986లో బి.బి.సి. సంస్థ నవీన డూమ్స్‌డేను వెలువరించింది. బడిపిల్లలు తమ తమ ఊళ్ళ విశేషాలు వ్రాసి, ఛాయాచిత్రాలు తీసి పంపారు. పది లక్షల మందికి పైగా ఇందులో పాలుపంచుకొన్నారు. ఆ సమాచారాన్ని లేజరు డిస్కులకెక్కించారు. వాటిని చదవడానికి బి.బి.సి. మాస్టర్ అనే కంప్యూటరు, ఫిలిప్స్ వారి ప్రత్యేక యంత్రం కావాలి. వెల సుమారు 5,000 పౌండ్లు. అంత వెచ్చించగల పాఠశాలలెన్ని? వ్రాసిన పిల్లలలో అనేకులకు తమ రాతను చూచే భాగ్యమే కలుగలేదు. పదిహేనేండ్లు తిరిగేసరికి, డిస్కులున్నా పనిచేసే యంత్రాలు అరుదైపోయినవి.

2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు దానిని మళ్ళీ చదివించగలిగారు. వారు అనుసరించిన పద్ధతికి ఎమ్యులేషన్ అని పేరు. పగటివేషగాడు వేషం కట్టినట్లు, కొత్త యంత్రం పాత యంత్రంగా నటిస్తుంది. పాత ప్రోగ్రాము అది తన యంత్రమేనని నమ్మి పనిచేస్తుంది.

కాలిఫోర్నియాలోని కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం వారు పాత యంత్రాలను అద్దాల వెనుక నిలిపి ఊరుకొనలేదు. ఆయా కంపెనీల అనుమతితో 2010లో మాక్‌పెయింట్, 2014లో ఎం.ఎస్.డాస్ తొలి రూపాల మూలలిఖితాలను ప్రకటించారు. నిర్మాతల నోటి మాటలను సైతం సేకరిస్తున్నారు. నా దృష్టిలో ఇదే మిన్న. పెట్టెను చూస్తే ఆకారం తెలుస్తుందేగాని, దానిని అట్లు ఎందుకు చేసిరో తెలియదు.

ఈ చిక్కు మన ముంగిట లేకపోలేదు. 1991లో యూనికోడ్ తెలుగుకు స్థానమిచ్చినా, మన అచ్చుకూటాలలో చాలాకాలం ఎవరి ఫాంటు వారిదే, ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది ఎవరి లెక్క వారిదే. ఆ ఫాంటు లేనిచో తెలుగు వ్యాసం అర్థంలేని రోమన్ అక్షరాల గుంపుగా కనబడుతుంది. ఇన్‌పేజ్‌లో కూర్చిన పాత ఉర్దూ పుటలదీ దాదాపు ఇదే స్థితి. కనుక సంచికల ఫైళ్ళు గ్రంథాలయంలో దాచునపుడు, వాటి వెంట ఫాంటును, ప్రోగ్రాము పేరును, సంవత్సరాన్ని తెలిపే చీటీని కూడ ఉంచాలి. యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి ఒకటి, అచ్చు ప్రతి ఒకటి వేరు వేరు చోట్ల ఉండాలి. పాత ఫాంట్లు తెలిసిన కంపోజిటర్లు అందుబాటులో ఉండగానే ఈ మార్పిడి జరిపించుట కమిటీ వారికి సుకరం.