పాత సిస్టమ్‌కు నెట్ రాకపోతే

ఇంట్లో ఫోన్లన్నిటికీ వైఫై వస్తుంది, టీవీలో యూట్యూబ్ ఆడుతుంది. హాల్లో మూలనున్న పదేళ్ల నాటి విండోస్ 7 సిస్టమ్‌కు మాత్రం నెట్ రాదు. రిపేరు కుర్రాణ్ణి పిలిస్తే అయిదు నిమిషాలు చూసి ‘ఫార్మాట్ కొట్టేద్దామండీ’ అంటాడు. ఫార్మాట్‌తో చాలాసార్లు నిజంగానే బాగవుతుంది, అందుకే ఆ సలహాకు అంత గిరాకీ. కానీ ఏది చెడిందో, దేనివల్ల బాగయిందో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. డెస్క్‌టాప్ మీది పెళ్లి ఫొటోలు మాత్రం పోతాయి. పాత సిస్టమ్‌లలో నెట్‌కు సంబంధించిన భాగాలు పాడవడం కన్నా, ఎప్పుడో మానేసిన కనెక్షన్ల సెట్టింగులు లోపల అలాగే ఉండిపోవడమే నేను ఎక్కువగా చూశాను. వాటిని వెతకడానికి ఒక వరస ఉంది. వైరు దగ్గర మొదలుపెట్టి వెబ్‌పేజీ దాకా రావాలి, మధ్యలో దేన్నీ దాటేయకూడదు.

ముందుగా లోపం లైనుదా, సిస్టమ్‌దా అన్నది తేల్చాలి. ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, వైఫై మీదే ఏదైనా పేజీ తెరవండి. డేటా ఆపకపోతే ఈ పరీక్షకు అర్థం లేదు. వైఫైలో నెట్ లేదని తెలియగానే చాలా ఫోన్లు చడీచప్పుడు లేకుండా సిమ్ డేటాకు మారిపోతాయి. ఫోన్‌కూ రాకపోతే ఫైబర్ బాక్సు చూడండి. ఎల్‌ఓఎస్ అని రాసున్న చోట ఎర్ర లైటు వెలుగుతుంటే బయట ఫైబర్ తెగిందో నలిగిందో అయి ఉంటుంది. అప్పుడు సిస్టమ్‌ను ముట్టుకోవద్దు, ఆపరేటర్‌కు ఫోన్ చేయండి.

ఫోన్‌కు వచ్చి సిస్టమ్‌కు రాకపోతే సీపీయూ వెనక్కి వెళ్లాలి. లాన్ వైరు దూరే రంధ్రం పక్కన చిన్న లైట్లుంటాయి. అవి వెలగకపోతే లోపల ఎన్ని సెట్టింగులు మార్చినా ప్రయోజనం లేదు. స్క్రీన్ మీద గడియారం పక్కనున్న గుర్తు కూడా ఇదే చెబుతుంది. ఎర్ర ఇంటూ ఉంటే వైరు అందలేదు. పసుపు త్రికోణం ఉంటే వైరు అందింది, ఆ పైన ఎక్కడో ఆగింది. వైరు కొనలో ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉంటే సీపీయూను కాస్త జరిపినా అది వదులవుతుంది. రూటర్ వైపు ఇంకో పోర్టులో పెట్టి చూడండి, వైరు మార్చి చూడండి.

ఇక్కడ జనాన్ని తికమకపెట్టే సంగతి ఒకటుంది. లాన్ వైరులో ఎనిమిది తీగలుంటాయి. 100 ఎంబీపీఎస్ లింకుకు అందులో నాలుగే చాలు, 1, 2, 3, 6 పిన్నులకు వెళ్లేవి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. కాబట్టి మిగతా నాలుగింట్లో ఒకటి ఎలుక కొరికినా, క్రింపింగ్‌లో సరిగ్గా కూర్చోకపోయినా పాత రూటర్‌తో ఏళ్ల తరబడి బయటపడదు. కొత్త గిగాబిట్ బాక్సు రాగానే అదే వైరుతో లింకు వచ్చి పోతూ ఉంటుంది. ‘నిన్నటిదాకా బాగా పనిచేసిన వైరే కదా’ అనే మాటను ఇక్కడ నమ్మకండి.

వానాకాలం పిడుగుల తర్వాత లైట్లు పూర్తిగా ఆరిపోతే మదర్‌బోర్డు మీది పోర్టే పోయి ఉండవచ్చు. దానికోసం బోర్డు మార్చనక్కర్లేదు. యూఎస్‌బీకి తగిలించే లాన్ అడాప్టర్ చాలు. అయితే విండోస్ 7కు దాని డ్రైవర్ ఉందో లేదో కొనేముందే అడగండి.

లైట్లు వెలుగుతున్నాయి, పసుపు త్రికోణం ఉంది అనుకుందాం. ఏదైనా మార్చే ముందు ఇప్పుడున్న సెట్టింగులన్నిటినీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్టార్ట్ నొక్కి సీఎండీ అని టైప్ చేసి ఎంటర్ కొడితే నల్ల కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఒకే మాటగా, ఒక ఖాళీ వదిలి స్లాష్ ఆల్ అని కొట్టండి. పెద్ద పట్టీ వస్తుంది. అందులో లోకల్ ఏరియా కనెక్షన్ కింద ఐపీవీ4 అడ్రస్, డీఫాల్ట్ గేట్‌వే (అంటే రూటర్ నంబరు), డీఎన్‌ఎస్ సర్వర్స్ (వెబ్‌సైట్ పేరుకు నంబరు వెతికిపెట్టేవి) అనే మూడు వరసలు చాలు.

అడ్రస్ 169.254 అని మొదలైతే, సిస్టమ్ నంబరు ఇమ్మని అడిగింది కానీ రూటర్ నుంచి జవాబు రాలేదు. విసిగి తనకు తానే ఒక నంబరు పెట్టుకుంది. రూటర్‌ను ఒకసారి ఆపి వెలిగించి, ఐపీకాన్ఫిగ్ స్లాష్ రిలీజ్, ఆ తర్వాత ఐపీకాన్ఫిగ్ స్లాష్ రెన్యూ కొట్టండి. అయినా అదే వస్తే మళ్లీ వైరునే అనుమానించండి. 192.168తో మొదలై, గేట్‌వే కూడా అదే వరసలో ఉంటే నంబరు వరకు బాగానే ఉంది.

ఈ రెండూ కాక మరో రకం నంబరు కనిపిస్తే, గేట్‌వే మీ రూటర్ నంబరుతో కలవకపోతే, దొంగ చాలావరకు దొరికినట్టే. కేబుల్ టీవీ ఆపరేటర్లే నెట్ ఇచ్చిన రోజుల్లో కుర్రాళ్లు ఇంటికొచ్చి అడ్రస్, సబ్‌నెట్ మాస్క్, గేట్‌వే, డీఎన్‌ఎస్ అన్నీ చేత్తో ఎక్కించి పోయేవారు. ఆ కనెక్షన్ పోయింది, ఆ ఆపరేటరూ పోయాడు, నంబర్లు మాత్రం సిస్టమ్‌లో ఉండిపోయాయి. ఇల్లు మారినా పాత డోర్ నంబరే చెప్పుకుంటూ తిరిగే మనిషిలా, సిస్టమ్ ఇప్పటికీ ఆ గేట్‌వే కోసమే వెతుకుతుంటుంది.

తీసేయడం తేలిక. విండోస్ మీటతో పాటు ఆర్ నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొడితే కనెక్షన్లన్నీ కనిపిస్తాయి. లోకల్ ఏరియా కనెక్షన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి, అక్కడ ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్ 4 మీద రెండుసార్లు నొక్కి లోపలికి వెళ్లండి. పైన అడ్రస్‌కు ఒకటి, కింద డీఎన్‌ఎస్‌కు ఒకటి, విడివిడిగా ‘ఆటోమేటిక్‌గా’ అనే ఎంపికలుంటాయి. రెండూ పెట్టాలి. చాలామంది పైది మార్చి ఓకే కొట్టేస్తారు. కింద పాత కంపెనీ డీఎన్‌ఎస్ నంబరు అలాగే ఉంటుంది. తమ చందాదారులకు తప్ప బయటివాళ్లకు జవాబివ్వని డీఎన్‌ఎస్ సర్వర్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి, కథ మళ్లీ మొదటికి వస్తుంది.

అదే కిటికీలో బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ అనే పాత డయలర్ కూడా కనిపించవచ్చు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ అయ్యే కాలం నాటిది. ఇప్పుడు ఆ పని సాధారణంగా ఫైబర్ బాక్సే చేస్తుంది. అలాంటి చోట ఆ డయలర్‌ను నొక్కితే 651 అనే ఎర్రర్ తప్ప ఏమీ రాదు. ఇనెట్‌సీపీఎల్ డాట్ సీపీఎల్ తెరిచి, కనెక్షన్స్‌లో ‘నెవర్ డయల్’ పెట్టేస్తే అది అడ్డురాదు.

ఇప్పుడు పింగ్. 1983 డిసెంబరులో అమెరికా సైనిక పరిశోధనశాలలో పనిచేసే మైక్ మ్యూస్, తన ముందున్న నెట్‌వర్క్ తంటాను తేల్చుకోవడానికి రాసుకున్న చిన్న ప్రోగ్రామ్ ఇది. ఇన్నేళ్లకూ దీని అవసరం పోలేదు. నల్ల కిటికీలో పింగ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, నంబరు ఇవ్వాలి. మొదట 127.0.0.1, అంటే సిస్టమ్ తనను తానే పలకరించుకోవడం. ఇది తప్పితే విండోస్ లోపలే చెడింది. తర్వాత గేట్‌వే నంబరు. రూటర్ పలికితే ఇంట్లో దారి బాగుంది. ఆ తర్వాత 8.8.8.8, గూగుల్ 2009లో అందరికీ తెరిచిన డీఎన్‌ఎస్ సర్వరు. ఇదీ పలికితే నెట్ వచ్చేసినట్టే. చివరగా ఏదైనా వెబ్‌సైట్ పేరు. నంబరుకు జవాబొచ్చి, పేరు దొరకలేదని అంటే లోపం డీఎన్‌ఎస్‌లో ఉంది. ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఫ్లష్‌డీఎన్‌ఎస్ కొట్టి చూడండి. తగ్గకపోతే డీఎన్‌ఎస్ చోట చేత్తో 8.8.8.8 ఇవ్వండి.

పింగ్‌లన్నీ పలుకుతున్నా బ్రౌజర్‌లో పేజీ రాకపోతే ముందు గడియారం చూడండి. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బటన్ సెల్ ఉంటుంది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా సిస్టమ్ తేదీ ఏ 2009కో వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. సిస్టమ్ లెక్కలో అవి ఇంకా పుట్టనే లేదు కాబట్టి ప్రతి పేజీనీ బ్రౌజర్ అనుమానిస్తుంది. సెల్ వాచీ రిపేరు కొట్లో కూడా దొరుకుతుంది. ప్లగ్గు పీకి మార్చి, తేదీ సరిచేయండి.

తేదీ సరిగ్గానే ఉంటే ఇనెట్‌సీపీఎల్‌లోనే లాన్ సెట్టింగ్స్ తెరిచి, ప్రాక్సీ దగ్గర టిక్కు ఉందేమో చూడండి. అక్కడ 127.0.0.1, పక్కన ఏదో పోర్టు నంబరు ఉంటే, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రామో వైరసో వదిలి వెళ్లినది కావచ్చు. మీరు పెట్టింది కాకపోతే టిక్కు తీసేయండి.

కొన్ని సైట్లు వచ్చి కొన్ని రాకపోతే లోపం వయసుది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లకు ఆధారమైన ఒక మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న ముగిసింది. అప్‌డేట్లు అందని పాత సిస్టమ్‌లకు ఆ రోజుతో ఎన్నో సైట్లు మూసుకుపోయాయి. క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో విండోస్ 7ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ తన సర్టిఫికెట్ల జాబితాను తానే మోసుకొస్తుంది కాబట్టి దాని 115 ఈఎస్‌ఆర్ వెర్షన్‌ను ఫోన్‌లోనో వేరే సిస్టమ్‌లోనో దించుకుని, పాత సిస్టమ్‌లో ఎక్కించి చూడండి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ముగిసింది. నెట్ వచ్చినా అందులో బ్యాంకు పనులు మాత్రం పెట్టుకోవద్దు.

వైఫై డాంగిల్‌తో నడిపేవాళ్లకు రెండే మాటలు. పాత డాంగిళ్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ కనిపించదు. రూటర్‌లో రెండింటికీ వేర్వేరు పేర్లు పెట్టండి. భద్రత డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే, డబ్ల్యూపీఏ2ను కూడా ఒప్పుకునేలా మార్చండి.

ఇంతదాకా వచ్చినా నెట్ రాకపోతే నల్ల కిటికీని రైట్ క్లిక్‌తో అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, నెట్‌ఎస్‌హెచ్ విన్‌సాక్ రీసెట్ కొట్టి సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. అదీ ఫలించకపోతే లైనక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా దాన్నుంచే సిస్టమ్‌ను లేపి చూడండి. మరీ పాత 32 బిట్ మెషిన్ అయితే దానికి సరిపోయే వేరే లైనక్స్ తెచ్చుకోవాలి. అందులోనూ నెట్ రాకపోతే లాన్ కార్డునే అనుమానించాలి, ఫార్మాట్ దండగ. లైనక్స్‌లో వచ్చి విండోస్‌లో రాకపోతే ఆ కుర్రాడి మాట ఈసారికి విందాం. కాకపోతే అతను వచ్చేలోపు ఫొటోలతో పాటు లాన్ డ్రైవర్‌ను కూడా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. ఫార్మాట్ అయ్యాక లాన్ డ్రైవర్ లేదని విండోస్ మొండికేస్తే, దాన్ని దించుకోవడానికి కావలసిన నెట్ ఆ సిస్టమ్‌లో ఉండదు.